ఆ ఫొటోలోని నీళ్ల బేసిన్ గురించి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పెరటి కోళ్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాసినవారికి కోళ్లంటే ఇష్టమని తెలుస్తూనే ఉంది. కానీ పక్కన వేసిన ఫొటో చూడగానే నా గుండె ఝల్లుమంది. పది పన్నెండు కోడిపిల్లలు, వాటి మధ్య నిండా నీళ్లు పోసిన లోతు బేసిన్. నేనూ మొదట్లో అచ్చం అలాంటిదే పెట్టాను. మూడో రోజు పొద్దున చూసేసరికి రెండు పిల్లలు అందులో తేలుతున్నాయి.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. ఇంట్లో పొద్దుపోక కోళ్లు మొదలుపెట్టాను. అట్టపెట్టెలో పన్నెండు పిల్లల్ని తెచ్చుకుంటే, గుడ్డు పెట్టే వయసు దాకా నా దగ్గర మిగిలినవి నాలుగు పెట్టలు. తక్కిన ఎనిమిదీ ఏమయ్యాయో లెక్క ఒప్పజెప్పడానికే ఈ ఉత్తరం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కావలసింది ఆ లెక్కే, మీ వ్యాసంలో లేనిదీ అదే.

మొదటి రెండూ నీళ్లలో పోయాయని చెప్పాను కదా. బేసిన్ తీసేసి ఒక వెడల్పాటి డబ్బా మూతలో గులకరాళ్లు పరిచాను. రాళ్ల సందుల్లో మాత్రమే నీళ్లు నిలుస్తాయి, ముక్కు దిగుతుంది, ఒళ్లు దిగదు. తెచ్చిన రోజే పిల్ల ముక్కును ఒకసారి నీళ్లకు తాకించి చూపిస్తే మంచిది. రెండు మూడింటికి తెలిస్తే చాలు, మిగతావి చూసి నేర్చుకుంటాయి. నా క్లాసులో కూడా అంతే జరిగేది.

వెచ్చదనం సంగతి మీ వ్యాసంలో ఉంది, బాగానే రాశారు. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ఆ తర్వాత ఈకలు నిండుగా వచ్చేదాకా వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. నేను థర్మామీటరు వేలాడదీసి గంటకోసారి నోట్‌బుక్కులో అంకె రాసుకున్నాను. పక్కింటావిడ చూసి నవ్వింది. "గాజుగొట్టాన్ని కాదండీ టీచరుగారూ, పిల్లల్ని చూడండి" అంది. వెచ్చదనం కోసం వేలాడదీసిన బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కి కీచుకీచుమంటే చలేస్తున్నట్టు. మూలలకు పోయి నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటే ఉక్కపోస్తున్నట్టు. పెట్టె నిండా ఎక్కడివక్కడ పడి నిద్రపోతుంటే సరిపోయినట్టు. ఆ సాయంత్రమే నోట్‌బుక్కు మూసేశాను. బల్బును మాత్రం ఉత్త వైరుతో వేలాడదీయకండి, గొలుసు కట్టండి. తెగి కింద పరిచిన ఊక మీద పడితే కొంప అంటుకుంటుంది.

మూడో పిల్ల నాలుగో వారంలో పోయింది. తప్పు పూర్తిగా నాదే. నీళ్లు ఒలికి ఊక తడిసింది. తీసిపారేయడానికి బద్ధకించి పైన పిడికెడు పొడి ఊక చల్లి ఊరుకున్నాను. రెండు మూడు రోజులకి ఒక పిల్ల రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని మూలన నిలబడింది. రెట్టలో నెత్తురు. పశువుల డాక్టరుగారు చూసి రక్తపారుడు, కాక్సీడియోసిస్ అన్నారు. నీళ్లలో కలిపే మందు ఇచ్చారు, మిగతా తొమ్మిదీ బతికాయి. రోగం వచ్చిన పిల్ల రెట్టతో బయటపడే పరాన్నజీవికి తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో పిల్లకు అంటుకునే స్థితికి వస్తుందట. ఆయన నా ఊకను గుప్పిట పట్టి పిండి, చెయ్యి తెరిచి చూపించారు. ముద్దగా నిలబడింది. "ఇలా ముద్ద కట్టకూడదమ్మా, వేళ్ల సందుల్లోంచి రాలిపోవాలి" అన్నారు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే నేను చేసే మొదటి పని ఆ గుప్పిడి పరీక్షే. పొరుగువాళ్లు వాసనని గోల పెట్టకుండా ఉండాలన్నా అదే ఉపాయం.

"టీకాలు సకాలంలో వేయించాలి" అని మీ వ్యాసం ఒక్క వాక్యంలో దాటేసింది. ఎలా వేయించాలో కదా అసలు చిక్కు! కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్ అనే వైరస్ రోగం, ఒకసారి దొడ్లో జొరబడితే మందు లేదు. మొదటి వారంలో, అయిదో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, లసోటా టీకా చుక్క కంట్లో వేయాలి. ఆ టీకాను చల్లదనం చెడకుండా ఐసులో తేవాలి. సీసా విప్పి కలిపితే గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచుకోవడానికి వీల్లేదు. సీసాలో వచ్చేవేమో వందల డోసులు. నా దగ్గర ఉన్నవి పది పిల్లలు. చివరికి మా వీధిలో కోళ్లున్న నాలుగిళ్లవాళ్లం ఒక రోజు అనుకుని, ఒకే సీసాతో అందరి కోళ్లకూ వేయించాం. పిల్లల్ని కొనక ముందే ఇలాంటి తోడు చూసుకోమని మీరు రాసి ఉంటే ఎంత మేలయ్యేది!

తొమ్మిదో వారంలో ఒక్క రాత్రే మూడు పోయాయి. నేను గూటికి కట్టింది పల్చటి కోళ్ల వల. అది కోడిని ఆపుతుంది గానీ కుక్కను ఆపదు. రాత్రి రెండింటికి అరుపులు వినిపించి టార్చి తీసుకుని పరుగెత్తేసరికి వల కింద మట్టి తవ్వి ఉంది. గూటి నిండా ఈకలు. ఒక్కదాన్నీ తిన్నది లేదు, చంపి వదిలేసి పోయింది. తర్వాత అర అంగుళం సందున్న వెల్డ్‌మెష్, అంటే గట్టి ఇనుప జాలీ, తెచ్చి, అడుగు లోతున భూమిలోకి దింపి కట్టించాను. పిల్లలు రాకముందే చేయవలసిన పని, మూడు ప్రాణాలు పోయాక చేశాను.

గూడంటే గుర్తొచ్చింది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న గూట్లో పది కోళ్లు సుఖంగా ఉంటాయని రాశారు. పన్నెండు చదరపు అడుగుల్ని పదితో భాగించండి. ఒక్కోదానికి అడుగు చిల్లర. పెద్ద కోడికి గూట్లో మూడు నాలుగు చదరపు అడుగులుండాలి, పగలు తిరిగే జాగా వేరే. ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.

ఆ పొడుచుకోవడంలోనూ ఒక లెక్కుంది. కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవొచ్చనే వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1921లో రాశాడు. చిన్నప్పటి నుంచే కోళ్లను గమనిస్తూ పెరిగినవాడాయన. ప్రతి జంటా తమలో తాము తేల్చుకోవాలి. నాలుగు కోళ్లుంటే ఆరు జంటలు, పన్నెండుంటే అరవై ఆరు. కొత్త కోడిని తెచ్చి ఆ నాలుగింటి మధ్య వదిలితే నాలుగు తగాదాలు కొత్తగా మొదలైనట్టే. అందుకే కొత్తదాన్ని తేవాలంటే ముందు నెల రోజులు దూరంగా వేరే గూట్లో పెడతాను. రోగముంటే ఈలోగా బయటపడుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు మెష్ అవతల నుంచి ఒకదాన్నొకటి చూసుకోనిస్తాను.

మిగిలిన ఆరింటిలో రెండు పుంజులని తేలింది. పిల్లగా ఉన్నప్పుడు చూసి చెప్పడం నావల్ల కాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి కూతలు మొదలయ్యాక పొలమున్న బంధువులకు ఇచ్చేశాను. పుంజు లేకపోతే గుడ్లు రావని మా ఆయన గట్టిగా వాదించారు. గుడ్లు వస్తాయి, పిల్లలే రావు.

ఇక మీ వ్యాసంలోని "రోజుకో గుడ్డు" అన్న మాట. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది, రోజుకున్నవి 24. ఇవాళ ఏడింటికి పెడితే రేపు ఎనిమిది దాటుతుంది. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటాక ఒక రోజు నాగా పెడుతుంది. పగటి వెలుతురు తగ్గినప్పుడు, ఈకలు రాల్చుకునేటప్పుడు ఇంకా తగ్గుతాయి. నాకు మొదటి గుడ్డు ఇరవై మూడో వారంలో వచ్చింది. అరచేతిలో పెట్టుకోగానే పెంకు మెత్తగా సొట్టపడింది. నూకలే వేస్తూ వచ్చాను, సున్నం ఎక్కణ్నుంచి వస్తుంది? గుడ్లు పెట్టే కోళ్ల దాణా మొదలుపెట్టి, నలగ్గొట్టిన గుల్లలు వేరే గిన్నెలో ఉంచాక గట్టిపడ్డాయి. అయితే ఆ దాణాను చిన్నపిల్లలకు వేయకూడదు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలకు చేటు.

కోళ్లు పెంచొద్దని నేననడం లేదు. నా నాలుగు పెట్టలూ ఈ ఉత్తరం రాస్తున్న కుర్చీ కిందే మట్టిలో పొర్లుతున్నాయి. మీ వ్యాసం చదివి ఈ వారమే అట్టపెట్టెతో బయల్దేరేవాళ్లు ఉంటారని నా భయం. ఆ ఫొటో మళ్లీ ఎక్కడైనా వేసేట్టయితే, దయచేసి ఆ బేసిన్‌లో నాలుగు గుప్పిళ్ల గులకరాళ్లు పోయించి కొత్తగా తీయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్