గుంపు మనసును చదివే పాఠం మన విశ్వవిద్యాలయాల్లో ఉండాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

డిగ్రీ ప్రవేశాల కాలం వచ్చింది. మా వీధిలో ఒక అమ్మాయి మనస్తత్వ శాస్త్రం ఉన్న బీఏ గ్రూపు తీసుకుంటానంటే ఇంటిల్లిపాదీ అడ్డుపడ్డారు. అది చదివి డాక్టరువు కాలేవు, ఉద్యోగమూ రాదు అన్నది వారి వాదన. చివరికి మేనమామ రాజీ కుదిర్చాడు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసం, పెడగాజీకి (బోధనా శాస్త్రానికి) 30 మార్కులు ఉన్నాయి కదా, అక్కడ పనికొస్తుందన్నాడు. మన జిల్లాల్లో ఈ శాస్త్రానికి దక్కిన గౌరవం అంత మాత్రమే. కోచింగ్ నోట్సులో జంతువులపై చేసిన పేరున్న ప్రయోగాలే, అంటే పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ వరసగా దర్శనమిస్తాయి. మనుషులు పదిమంది చేరితే ఏమవుతుందన్నది బిట్టుగా అడిగేటంత ముఖ్యం కాదు కాబోలు!

పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. నా ఉద్యోగమంతా మనుషులు గుంపుగా కూర్చున్న చోటే గడిచింది. ఆ అనుభవంతో ఒక కోరిక కోరుతున్నాను. నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. వీటి పరిధిలో బీకాం చదివినా, బీఎస్సీ చదివినా, ప్రతి డిగ్రీ విద్యార్థీ ఒక సెమిస్టరు సామాజిక మనోవిజ్ఞానం, అంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి మనసు ఎలా నడుస్తుందో చెప్పే శాస్త్రం, చదవాలి. అదీ మన ఊళ్ల మీదుగా చదవాలి.

2018 వేసవి సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. దేశమంతా చుట్టిన ఒక వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసింది. చివర్లో ఆ సంగతి చెప్పే భాగాన్ని ఎవరో కత్తిరించారు. ఆ మే నెలలోనే భువనగిరి జిల్లా బీబీనగర్ మండలంలో ఒక మనిషిని జనం కొట్టి చంపారు. జోగులాంబ గద్వాలలో మాత్రం ప్రాణం పోలేదు. అప్పట్లో అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కింద పనిచేసే పోలీసులకు వింతగా కనిపించిన విషయం ఒకటి ఉంది. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం పొద్దు వాలగానే ఇళ్లలోకి వెళ్లి తలుపులు వేసుకుంటున్నారు. ఆరా తీస్తే వీడియోల భయం బయటపడింది. ఊరికొక పోలీసును బాధ్యుడిని చేసి ఇంటింటికీ పంపారు. డప్పులతో, పాటలతో కళాకారులు తిరిగారు. ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులే సభ్యులుగా చేరారు.

‘వదంతులు నమ్మవద్దు’ అన్న పోస్టరు ఒక్కటే అంటించి ఊరుకుంటే ఈ ఫలితం వచ్చేది కాదని నా నమ్మకం. పోస్టరు ఒంటరి మనిషితో మాట్లాడుతుంది. వదంతి బతికేది నలుగురి మధ్య. దీనికి శాస్త్రంలో మంచి ఆధారముంది, అదీ మన దేశం నుంచే. 1934 జనవరి బిహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు వదంతులను సేకరించారు. భూమి కంపించినా నష్టం జరగని ప్రాంతాల్లో, చంద్రగ్రహణం నాడు మరో పెద్ద భూకంపం వస్తుందన్నటువంటి మాటలు వ్యాపించాయి. 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు దుర్గానంద్ సిన్హా గమనిస్తే, విధ్వంసాన్ని కళ్లారా చూసినవారిలో అలాంటి జోస్యాలు లేవు. అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. నష్టం జరగని చోట జనానికి భయం కలిగింది, కారణం కళ్లకు కనబడలేదు. ఆ భయానికి తగ్గ కారణాన్ని వదంతి సమకూర్చింది. కాబట్టి వదంతి భయాన్ని పుట్టించడమే కాదు, ముందే ఉన్న భయాన్ని సమర్థిస్తుంది కూడా. గద్వాల పల్లెల్లో అప్పటికే ఏ భయాలు పేరుకుని ఉన్నాయి? వలస వెళ్లిన తల్లిదండ్రులు, ముసలివాళ్ల దగ్గర మిగిలిన పిల్లలు... ఇది నా ఊహ మాత్రమే. నిజమేమిటో తేల్చాల్సింది మన విద్యార్థులే.

ఇక గ్రామసభ సంగతి. నలుగురి ముందు అభిప్రాయం చెప్పాల్సి వస్తే ఏమవుతుందో చూపే ప్రయోగం, అమెరికన్ మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ 1951లో వెలువరించినది, చాలామందికి తెలుసు. ఒక గీత చూపి, దానితో సమానమైన గీత మూడింటిలో ఏదో పైకి చెప్పమంటారు. గదిలో ఒక్కడే నిజమైన విద్యార్థి. మిగతావారు ముందే మాట్లాడుకుని తప్పు చెబుతారు. నాలుగింట మూడు వంతుల మంది ఒక్కసారైనా ఆ తప్పుతో గొంతు కలిపారు. పుస్తకాలు ఇంతటితో ఆపుతాయి, మనుషులంతా గొర్రెలేనన్న భావం మిగులుతుంది. నాకు ముఖ్యంగా తోచేది తర్వాతి భాగం. గదిలో మరొక్కడు నిజం చెబితే చాలు, తప్పుతో ఏకీభవించడం బాగా పడిపోయింది. జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినా తగ్గింది.

సర్పంచ్ పదవిని గుడి నిర్మాణానికి డబ్బిచ్చేవారికి వేలం వేసి, ‘ఏకగ్రీవం’ అని ప్రకటించే ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. ఎన్నికల సంఘం అది నేరమని హెచ్చరిస్తూనే ఉంది. అలాంటి ఒక ఊళ్లో ఏకగ్రీవం ముగిశాక విడివిడిగా అడిగి చూశాను. నాకిష్టం లేదు కానీ ఊరంతా ఒప్పుకుంది కదా అని ఒకరన్నారు, పక్కింటివారూ అదే అన్నారు. ఆ ఊరంతా అన్నది ఎవరో నాకు చివరిదాకా దొరకలేదు. ఎదుటివారి మౌనాన్ని అంగీకారంగా ఎంచే ఈ పొరపాటును మనస్తత్వవేత్తలు డేనియల్ కాట్జ్, ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ 1931లోనే అమెరికా విద్యార్థుల్లో గుర్తించారు. గ్రామసభలో చేతులెత్తించడానికి బదులు చీటీలు రాయిస్తే ఏమవుతుందో పరీక్షించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. అధికారుల అనుమతి, పది మంది విద్యార్థులు, ఓపికగల అధ్యాపకుడు చాలు.

గుంపు అంటే చెడ్డదేనని నా ఉద్దేశం కాదు. మహిళా సంఘాల్లో అప్పు వాయిదా వేళకు కట్టించేదీ తోటివారి చూపే. దాని బలమెంత, అది ఎప్పుడు వేధింపుగా మారుతుందన్నది కూడా పరిశోధించదగ్గదే.

ఒక జాగ్రత్త చెప్పాలి. పేరున్న ప్రయోగాలన్నీ నిలబడలేదు. విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా నటింపజేసిన 1971 స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో కాపలాదారులు తమంతట తామే క్రూరులయ్యారని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. కఠినంగా ఉండమని వారికి నిర్వాహకుల వైపు నుంచే సూచనలు అందాయని తర్వాత బయటపడింది. అందుకే బిట్ల పద్ధతి ఈ పాఠానికి అసలు పనికిరాదు. పేరు, సంవత్సరం బట్టీ పట్టినవాడికి అనుమానించడం రాదు.

మన విశ్వవిద్యాలయాల అధికారులు ముందుగా చేయదగిన పని ఒకటుంది. గద్వాల అనుభవాన్ని తెలుగులో ఒక అధ్యాయంగా రాయించాలి. ఆనాడు ఊళ్లు తిరిగిన పోలీసులు, పాటలు కట్టిన కళాకారులు, తలుపులు వేసుకుని పడుకున్న కుటుంబాలు చాలావరకు ఈ జిల్లాల్లోనే ఉంటారు. వారి మాటలను నమోదు చేసే పనిని ఈ విద్యా సంవత్సరమే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పంచాయతీ విస్తరణాధికారి,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా