ఒక్క టెస్టుతో కొలవరాని బౌలర్

సంపాదకుల వారికి,

నమస్కారం. రంజీ ట్రోఫీ తొలినాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో మద్రాసు ఫాస్ట్ మీడియం బౌలర్ ఎం.జె. గోపాలన్ ప్రస్తావన రెండే వాక్యాల్లో ముగిసింది. ఆయన ఒక్కటే టెస్టు ఆడారని ఒకటి, హాకీ కూడా ఆడే ఆయన 1936లో క్రికెట్ జట్టుతో ఇంగ్లండుకు వెళ్లి బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ స్వర్ణాన్ని చేజార్చుకున్నారని మరొకటి. రెండూ నిజాలే. కానీ 1926-27లో మొదలుపెట్టి రమారమి పాతికేళ్లు బంతి వేసిన మనిషిని ఈ రెండు మాటలకు కుదించడం న్యాయం కాదని మనవి చేయడానికే ఈ లేఖ.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ భారత్ ఆడిన టెస్టులు మొత్తం ఏడే: 1932లో ఒకటి, 1933-34లో మూడు, 1936లో మూడు. ఆ ఏడింటిలోనూ అమర్ సింగ్ ఉన్నారు, మహమ్మద్ నిస్సార్ ఆరింటిలో ఆడారు. కొత్త బంతి పంచుకోవడానికి అలాంటి ఇద్దరు ఉండగా మూడో పేసర్‌కు చోటు దొరకడమే గగనం. గోపాలన్‌కు 1934 జనవరిలో కలకత్తాలో అవకాశం వచ్చింది, ఒక వికెట్ తీశారు. తర్వాతి టెస్టు ఫిబ్రవరిలో ఆయన సొంత ఊరి మైదానం చేపాక్‌లోనే జరిగినా జట్టులో ఆయన పేరు లేదు. ఆ మ్యాచ్‌లో అమర్ సింగ్ 86 పరుగులకు 7 వికెట్లు తీశారు గనుక ఎంపికను తప్పుపట్టలేం గానీ, తన ఊళ్లో జరిగే తొలి టెస్టును బయట కూర్చుని చూడడం ఏ బౌలర్‌కైనా ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కనుక ఆయన పనితనాన్ని వెతకవలసింది టెస్టుల్లో కాదు, మద్రాసు తరఫున ఆడిన మ్యాచ్‌లలో. మొత్తం మీద 78 ఫస్ట్ క్లాస్ (రంజీ స్థాయి, ఆపై స్థాయి) మ్యాచ్‌లలో ఆయన 194 వికెట్లు తీశారు. క్రికెట్ కూడు పెట్టని రోజులవి. మద్రాసు యూరోపియన్ల జట్టు నాయకుడు సి.పి. జాన్‌స్టన్ చొరవతో బర్మా షెల్ కంపెనీలో దొరికిన ఉద్యోగమే ఆయనను ఆటలో నిలబెట్టింది. ఏటా సంక్రాంతికి చేపాక్‌లో భారతీయులకూ యూరోపియన్లకూ జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్‌లో అదే జాన్‌స్టన్ ఎదుటి పక్షాన ఉండేవారు!

1934 నవంబర్ 4న చేపాక్‌లో మద్రాసు, మైసూరు జట్ల మధ్య జరిగిన రంజీ ట్రోఫీ తొలి మ్యాచ్‌లో మొదటి బంతి వేసింది గోపాలనే. మైసూరు 48, 59 పరుగులకే కుప్పకూలగా, 130 పరుగులు చేసిన మద్రాసు ఒక్కరోజులోనే ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. అయితే ఆ రోజు 11 వికెట్లు తీసిన ఘనత ఎడమచేతి స్పిన్నర్ ఎ.జి. రామ్ సింగ్‌ది. నేను నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. మట్టి నేల మీద చాప పరిచి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి పిల్లల చేత ఆడించేవాణ్ణి. కొత్త బంతితో ఆరేడు ఓవర్లు ఒళ్లు హూనం చేసుకున్న కుర్రాడు వికెట్ లేకుండా పక్కకు రావడం, ఆ తర్వాత వచ్చిన స్పిన్నర్‌కు చప్పట్లు దక్కడం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఇక 1936 సంగతి. హాకీని కాదని క్రికెట్‌ను ఎంచుకోవడం పొరపాటని మీ వ్యాసకర్త తేల్చేశారు. అంతకు ముందు ఏడాదే ధ్యాన్‌చంద్ నాయకత్వంలో న్యూజిలాండ్‌లో పర్యటించిన హాకీ జట్టులో గోపాలన్ ఉన్నారు కనుక తాను వదులుకుంటున్నది ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. ఇంగ్లండులో ఆయనకు ఒక్క టెస్టూ దక్కలేదు, బెర్లిన్‌లో మన జట్టు ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించింది. ఫలితం తెలిసిన మనం ఇవాళ తీర్పు చెప్పడం తేలిక. ఓడ ఎక్కేనాటికి ఆయన ముందున్నవి రెండు ఆటలు, రెండు ఆశలు మాత్రమే.

మరొక్క విన్నపం. మన జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1937-38లో, హైదరాబాద్ జట్టు బొంబాయిలో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ కథ ఎప్పుడు చెప్పుకున్నా ఎదుల్జీ ఐబారా అజేయంగా చేసిన 137 పరుగుల దగ్గరే ఆగిపోతాం, అది సహజమే. కానీ లక్ష్యం 310 దగ్గర ఆగిందంటే నవానగర్‌ను 152కూ 270కీ కట్టడి చేసినవాళ్లు కొందరు ఉన్నారు కదా. మీ అనుబంధంలో తర్వాతి భాగం ఆ బౌలర్ల మీద రాయించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా