మా పిల్లవాడు ఇల్లు చేరాడు: అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

గత నెలలో నేను సాయం అడిగినప్పుడు స్పందించిన మిత్రులందరికీ నమస్కారాలు. ఇక్కడ అమెరికాలో, శనివారాల్లో మా గ్రంథాలయంలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పదిహేనేళ్ల నల్లజాతి పిల్లవాడు, పద్దెనిమిది రోజుల నిర్బంధం తరువాత, పోయిన గురువారం అమ్మమ్మ ఇంటికి చేరుకున్నాడు. పేరు రాయడం లేదు. బాలల కేసుల్లో ఆ గోప్యత వారి హక్కు.

బడిలో జరిగింది ఇద్దరు పిల్లల తోపులాట. రెండో అబ్బాయి తెల్లజాతివాడు; తల్లిదండ్రులను పిలిపించి, మందలించి, అతన్ని ఆ సాయంత్రమే పంపేశారు. మా వాడి తల్లిదండ్రులు దగ్గర లేరు కనుక పిల్లవాడిని లోపల ఉంచాలా వద్దా అని తేల్చే ప్రశ్నల కాగితంలో ఇంట్లో అదుపు చేసేవారు లేరని రాసుకుని, విచారణ దాకా లోపలే ఉంచారు. పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి పెంచిన అమ్మమ్మ ఆ కాగితంలో ఎక్కడా లేదు. అమెరికా బాలల్లో నల్లజాతివారు సుమారు 15 శాతమే అయినా, నిర్బంధంలో ఉన్న బాలల్లో 40 శాతానికి పైగా వారే ఎందుకు ఉంటున్నారో నాకు ఆ ఒక్క గడి చూశాక అర్థమైంది.

మా వాడి తరఫున వాదించడానికి ప్రభుత్వం ఇచ్చిన న్యాయవాదికి మా మొదటి కృతజ్ఞత. పిల్లలకూ న్యాయవాది ఉండి తీరాలని 1967లో గాల్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉండకపోతే ఆవిడ మా పక్కన నిలబడేవారే కాదు. ఒరెగాన్‌లోని మల్ట్‌నోమా కౌంటీలో 1990లలో ఇలాంటి ప్రశ్నల కాగితాన్నే సరిదిద్ది, కుటుంబం ఎలాంటిదని కాక, పిల్లవాడిని కోర్టుకు తీసుకురాగల బాధ్యతగల పెద్ద ఎవరైనా ఉన్నారా అని అడగడం మొదలుపెట్టారని, ఆ పెద్ద అమ్మమ్మ అయినా పిన్ని అయినా సరిపోతుందని ఆవిడ న్యాయమూర్తికి ఓపికగా వివరించారు.

అప్పుడు అమ్మమ్మగారు లేచారు. ప్లాస్టిక్ కవరులోంచి మూడేళ్ల హాజరు పట్టీలు, టీకాల కార్డు, లెక్కల మాస్టారి ఉత్తరం ఒక్కొక్కటిగా తీసి, ముడతలు సరిచేసి బల్లమీద పెట్టారు. చేతులు వణుకుతున్నా ఒక్క కాగితం వరస తప్పలేదు. ఆ ఉత్తరం రాసిన మాస్టారికి, నలభై మైళ్ల దూరం ఆమెను వంతులవారీగా కారులో తీసుకువెళ్లిన నాలుగు తెలుగు కుటుంబాలకు, వేచి ఉన్నంతసేపూ ఆమె పక్కన కూర్చున్న వదినగారికి నేను రుణపడి ఉన్నాను.

ఇలాంటి అసమానతలను రాష్ట్రాలు పరిశీలించి సరిదిద్దాలని బాలల న్యాయానికి సంబంధించిన సమాఖ్య చట్టం 1988 నుంచీ చెబుతూనే ఉంది. 2018 సవరణ దాన్ని మరింత స్పష్టం చేసింది. కనుక ఆ ప్రశ్నను మార్చమని మా కౌంటీకి అర్జీ పెడుతున్నాం. సంతకం చేసిన మీ అందరికీ ధన్యవాదాలు.

కేసు ఇంకా ముగియలేదు. వచ్చే నెల వాయిదాకు అమ్మమ్మగారిని తీసుకువెళ్తామని ఇప్పటికే ముగ్గురు పేర్లు ఇచ్చారు. పిల్లవాడు మాత్రం మొన్న శనివారం, సగంలో ఆగిపోయిన బీజగణితం కాగితంతో, పది నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నాడు.