మద్రాసు కచేరీల పట్టిక మా నెల్లూరు పేజీలో కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరు మా నాన్న ఉన్నప్పటి నుంచీ మా ఇంటికి వస్తోంది. ఇన్నేళ్ళలో ఉత్తరం రాయడం ఇదే మొదలు. అడగబోయేది చిన్న కోరికే. అది ఎందుకు పుట్టిందో తెలియాలంటే మొన్న డిసెంబరు చివర్లో సంగీత కచేరీలు వింటూ మేం మద్రాసులో గడిపిన రెండు రోజుల సంగతి చెప్పాలి (చెన్నై అనాలని తెలుసు, మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు).

శనివారం పొద్దున నెల్లూరులో పినాకిని ఎక్కాం. నేను, అమ్మ, తిరుపతి నుంచి ముందురోజు రాత్రే వచ్చిన నా కాలేజీ స్నేహితురాలు, ఎనిమిదో తరగతి చదివే వాళ్ళ పాప. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు, గుడికి పిలిస్తే మోకాళ్ళు అంటుంది గానీ కచేరీ అనేసరికి మా అందరికంటే ముందు తయారై కూర్చుంది. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ టౌన్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి తిరుమయిలైలో దిగితే మైలాపూరు. పిన్ని వాళ్ళిల్లు అక్కడే. సంచులు అక్కడ పడేసి నేరుగా ఒక సభ (కచేరీలు పెట్టే సంస్థల్ని అక్కడ సభలంటారు) క్యాంటీన్‌కి పోయాం. కచేరీకి టికెట్ లేకపోయినా ఆ క్యాంటీన్లలోకి ఎవరైనా వెళ్ళొచ్చని ఆ రోజే తెలిసింది. అరటాకు భోజనం కోసం ముక్కాలు గంట నిలబడ్డాం, ఆ క్యూలో నిలబడ్డవాళ్ళలో సగం మందికి లోపల ఎవరు పాడుతున్నారో తెలుసో లేదో నాకు అనుమానమే. అరటిపువ్వు వడ మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు.

మధ్యాహ్నం కచేరీ ఫ్రీ. చాలా సభల్లో అంతే, పగలు కొత్తగా పైకి వస్తున్న పిల్లలు పాడతారు, డబ్బులు తీసుకోరు, సాయంత్రం పెద్దవాళ్ళ కచేరీలకే టికెట్. పాతికేళ్ళు కూడా లేని కుర్రాడొకడు తోడి రాగంలో త్యాగరాజ కీర్తన ఎత్తుకున్నాడు. గొంతు బ్రహ్మాండం, తెలుగే కాస్త అటూ ఇటూ. భక్తి అన్నచోటల్లా ‘పక్తి’ అంటున్నాడు. నేను, నా స్నేహితురాలు ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నాం. అమ్మ పక్కన కూర్చున్న తమిళావిడ అది చూసింది. అమ్మ వయసే ఉంటుంది. ఏమీ అనకుండా ఒళ్ళో ఉన్న నోట్‌బుక్ మా వైపు తిప్పింది. నిండా త్యాగరాజ కీర్తనలే, తమిళ లిపిలో, అక్షరాల మీద చిన్న చిన్న అంకెలతో. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, అందుకని ప మీద 3 వేస్తే బ, 4 వేస్తే భ. క కీ, త కీ అట్లాగే. తెలుగు చదవడం రాని మనిషి, భ ఎక్కడ పలకాలో అంకెలు వేసుకుని నలభై ఏళ్ళుగా నేర్చుకుంటోంది! ‘ఆ అబ్బాయి పుస్తకంలో నాలుగు చెరిగిపోయుంటుంది’ అని ఆవిడే నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. పాప ‘అత్తా, ఆ చరణానికి అర్థం ఏంటి’ అని అడిగింది. అచ్చ తెలుగు చరణం. నేను సగం చెప్పి ఆగిపోయాను, మిగతా సగం ఆ తమిళావిడ చెప్పింది, సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో.

తని ఆవర్తనం (పాట ఆపి మృదంగం వాళ్ళకే వదిలే భాగం) మొదలవగానే సగం హాలు లేచి కాఫీకి పోయింది. అమ్మకి కోపం వచ్చింది, ‘మృదంగం వాయించేవాడు మనిషి కాదా’ అని పైకే అనేసింది. సాయంత్రం మరో సభకి టికెట్ కొనుక్కుని పోతే ముందు నాలుగు వరసలు ఎవరికోసమో ఆపిపెట్టి ఖాళీగా ఉంచారు, డబ్బులిచ్చిన మేం వెనక స్తంభం పక్కన కూర్చున్నాం. కచేరీ అయ్యేదాకా ఆ వరసలు సగం కూడా నిండలేదు. ఆ సభ పేరు ఎందుకులెండి.

ఆదివారం తెల్లవారకముందే పిన్ని అందర్నీ లేపింది. ధనుర్మాసం కాబట్టి కపాలీశ్వరుడి గుడి మాడవీధుల్లో భజన గోష్ఠి తిరుగుతుంది, ఇళ్ళ ముందు ఇంత పొడుగు ముగ్గులు, చలి అని చెప్పుకోవడానికి మద్రాసులో ఆ ఒక్క గంటే. మన వైపు గొబ్బెమ్మలు, హరిదాసు గుర్తొచ్చారు అమ్మకి. ఇంటికొచ్చి పొంగలి తింటుంటే తాంబరం నుంచి పిన్ని కొడుకు, కోడలు, పిల్లలు దిగారు, చాపలేసుకుని పదకొండు మందిమి కబుర్లు. ఈ కచేరీలన్నీ డిసెంబరులోనే ఎందుకు అని పాప అడిగితే, రైల్వేలో రిటైరైన మా బాబాయి అందుకున్నాడు. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితోపాటు సంగీత మహాసభ కూడా పెట్టారట, దాన్లోంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఆ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1941లో మన విజయనగరం వయొలిన్ ద్వారం వెంకటస్వామినాయుడు గారికి, 1978లో గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారికి వచ్చిందని కూడా చెప్పాడు. బాబాయి మొదలుపెడితే ఆపడు, మధ్యాహ్నం పినాకిని అందుకోకపోవడానికి కారణం కూడా ఆయనే. పోతే పోయిందిలే అని ఇంకో ఫ్రీ కచేరీ విని రాత్రి బండికి వచ్చాం.

ఇక నా కోరిక. ఇవ్వాళ ఏ సభలో, ఎన్ని గంటలకి, ఎవరు పాడతారు, పక్కవాద్యాలు ఎవరు అన్నది అక్కడి పేపర్లు రోజూ వేస్తాయి. మాకు మాత్రం పిన్ని ఫోన్ చేస్తే తెలుస్తుంది, లేకపోతే లేదు. పిన్ని లేనివాళ్ళ సంగతి ఏంటి? మీ పేపర్లో డిసెంబరు నెలంతా సినిమా ఫంక్షన్ల ఫొటోలు వస్తాయి, త్యాగరాజ ఆరాధన వస్తే ఒక ఫొటో, కింద రెండు లైన్లు. ఆయన పాడిందేమో మన భాషలో. ఆయన కీర్తనల కోసం నెల రోజులు పొద్దున్నుంచి రాత్రిదాకా పాడుతున్న ఊరు మాకు రైల్లో మూడు గంటల దూరం. విజయవాడ, హైదరాబాద్ కంటే నెల్లూరుకి, గూడూరుకి, సూళ్ళూరుపేటకి అదే దగ్గర. మన ఊళ్ళలో కచేరీలు లేవా అని ఎవరైనా అనొచ్చు. ఉన్నాయి, నేనూ పోతుంటాను, కానీ ఒకే రోజు నాలుగు సభలు మార్చి వినడం ఇక్కడ కుదరదు.

రోజూ అక్కర్లేదు. డిసెంబరు పదిహేను నుంచి జనవరి ఒకటి దాకా, శుక్రవారం నాడు మాత్రం, నెల్లూరు, తిరుపతి ఎడిషన్లలో పావు కాలమ్ చాలు. శని, ఆదివారాల్లో ఎక్కడ ఏ కచేరీ, ఏది ఫ్రీ, ఏది టికెట్, దగ్గర స్టేషన్ ఏది. కుదిరితే పాడబోయే త్యాగరాజ కీర్తన ఒక్కటి, అర్థంతో సహా వేయండి. ఈసారి పాప అడిగితే చెప్పాలి కదా, ఆ తమిళావిడ మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని ఉంటుందని అమ్మ గట్టిగా చెబుతోంది.

– ఒక పాఠకురాలు, నెల్లూరు