ఉరికంబం దగ్గర మతగురువు: ‘అనుమతించవచ్చు’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఉరిశిక్ష ఉండాలా వద్దా అని మీ లేఖల పేజీలో నడుస్తున్న చర్చలో ఒక చిన్న విషయం ఎవరూ ఎత్తలేదు. శిక్ష అమలయ్యే ఆ కాసేపు ఖైదీ పక్కన తన మనిషి ఒకరు ఉండొచ్చా?

అమెరికాలోని టెక్సస్‌లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాన్ హెన్రీ రమిరెజ్ 2004లో ఒక దుకాణం ఉద్యోగిని 29 పోట్లు పొడిచి చంపాడు. దొరికింది డాలరుంపావు. పోయినాయనకు తొమ్మిదిమంది పిల్లలు. హంతకుడి మీద జాలిపడమని నేను అడగడం లేదు. చివరి నిమిషంలో తన పాస్టర్ తనమీద చెయ్యి వేసి పైకి ప్రార్థన చెయ్యాలని అతను కోరాడు. జైలువాళ్లు కుదరదన్నారు. ప్రాణం తీసే ఇంజెక్షన్ గొట్టం కదులుతుందట! అదే గదిలో ఏళ్ల తరబడి జైలు ఉద్యోగులైన మతగురువులు ఖైదీ కాలిమీద చెయ్యి వేసేవాళ్లే మరి.

అంతకుముందు 2019లో ఒక బౌద్ధ ఖైదీ తనకు బౌద్ధ గురువు కావాలన్నాడు. జైల్లో ఉన్నది క్రైస్తవ, ముస్లిం గురువులే. కోర్టు శిక్ష ఆపింది. దాంతో కొన్ని రోజుల్లోనే, అసలు ఏ మతగురువూ ఆ గదిలోకి రాకూడదని టెక్సస్ రూలు పెట్టింది. ఇంకొకరికి వడ్డించాల్సి వస్తుందని పంక్తిలో విస్తళ్లన్నీ ఎత్తేసినట్టు! 2021లో ఆ రూలు సడలించి గురువును గదిలోకి రానిచ్చారు, కానీ చెయ్యి వెయ్యడానికీ పైకి ప్రార్థన చెయ్యడానికీ రమిరెజ్ పాస్టర్‌కు ఒప్పుకోలేదు. 2022 మార్చి 24న సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో రమిరెజ్ వాదన సరైనదే అంది. అక్టోబరు 5న హంట్స్‌విల్‌లో శిక్ష అమలైనప్పుడు పాస్టర్ చెయ్యి అతని గుండెలమీదే ఉంది. శిక్ష ఆగలేదు, గొట్టమూ ఊడలేదు.

మన 2016 నమూనా జైళ్ల మాన్యువల్ ప్రకారం, ఖైదీ కోరితే అతని మతగురువును ఉరితీసే చోటికి సూపరింటెండెంట్ ‘అనుమతించవచ్చు’. అంటే ఆయన దయ, ఖైదీ ప్రాప్తం. పోయే మనిషి నోట్లో తులసి తీర్థం పొయ్యడానికి మనం ఎవరి పర్మిషనూ అడగం కదా. రెండు తెలుగు రాష్ట్రాల జైలు నిబంధనల్లోనైనా ‘అనుమతించాలి’ అనే ఉండాలి. పేరు ముందే ఇమ్మనండి, తనిఖీలు ఎన్నైనా చేసుకోండి.

ఇంకో మాట. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీసిన భూమయ్య, కిష్టాగౌడ్ విప్లవ రాజకీయాల వాళ్లు. అలాంటివాళ్లకు పూజారి ఏం అక్కరకొస్తాడు? అందుకే ‘మతగురువు’ అని కాక ‘ఖైదీ కోరిన మనిషి’ అని రాస్తే మేలు.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం