కొత్త బాయిలర్ పెట్టించుకునేవారికి

అందరికీ నమస్కారం. చలి మొదలయ్యేలోపు ఇక్కడ యూకేలో కొత్త కాంబి బాయిలర్ (ఇంటి హీటింగ్‌కూ, కుళాయి వేడినీళ్లకూ ఒకటే బాయిలర్) పెట్టించుకుంటున్న మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా) ఉన్నవారితోనే చేయించండి. ఏ పనులకు అర్హత ఉందో వాళ్ల కార్డు వెనక రాసి ఉంటుంది, అడిగి చూడండి.

నీళ్ల పైపుల్లో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది సేఫ్టీ వాల్వ్ పైపు. లోపల ప్రెషర్ 3 బార్‌కు చేరితే సలసల కాగే నీళ్లు దాని గుండానే బయటికి వస్తాయి. అందుకే అది రాగి పైపు అయి ఉండాలి, కిందికి వాలుగా వెళ్లి చివర గోడవైపు తిరగాలి. మధ్యలో ట్యాప్ గానీ, చివర మూత గానీ పెట్టకూడదు. మా ఇంట్లో దాన్ని పిల్లలు తిరిగే దారి మీదికి వదిలారు. చూసిన రోజే మార్పించాను.

ప్లాస్టిక్ పైపును నేరుగా బాయిలర్‌కు తగిలించనివ్వకండి. మొదటి మీటరు దూరం రాగి ఉండాలి. పాత పైపుల్లోని తుప్పు, బురద కడిగించి ఇన్‌హిబిటర్ (తుప్పు పట్టకుండా నీళ్లలో కలిపే మందు) వేయించండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉంటే సరిపోతుంది. నీళ్లు నింపాక ఫిల్లింగ్ లూప్ (నీళ్లు నింపే గొట్టం) వాల్వులు కట్టేశారో లేదో మీరే చూసుకోండి. కండెన్సేట్ పైపు (బాయిలర్‌లో ఆవిరి చల్లబడి ఏర్పడే నీళ్లు పోయే పైపు) బయటినుంచి వెళ్తుంటే లావుది వేయించి ఇన్సులేషన్ చుట్టించండి, గడ్డకడితే బాయిలర్ ఆగిపోతుంది.

అనుమానం ఉంటే ఫొటో ఇక్కడ పెట్టండి, సాయంత్రం చూస్తాను.