మత్తడి దుంకింది పిట్టా!

పిట్టా,

ఇంత ఆలస్యం చేసినందుకు ఎంత తిట్టినా పడతాను. సెమిస్టర్ పరీక్షలు, ప్రాక్టికల్స్, ఊపిరాడలేదు. అక్కకు సంబంధం కుదిరింది, కార్తీకంలో పెళ్లి. నాన్న మోకాలు నయం. అమ్మ నిన్ను అడుగుతోంది. ఇక అసలు సంగతి విను.

పొద్దున నీరటి తాత (క్యాంపు ఊళ్లో చెరువు నీళ్లు చూసుకునే పెద్దాయన) ఫోన్ చేశాడు. "బిడ్డా, మన చెరువు మత్తడి దుంకుతాంది!" అన్నాడు. చెరువు నిండి అలుగు మీంచి పొర్లుతోందట, పైగా మన అన్నాడే! నాకు ఏడుపొచ్చింది.

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు గురించి నీకు సగమే చెప్పాను కదా. వరంగల్ దగ్గర పల్లె, ఏడు రోజులు, బడి గదుల్లో పడక, సాంబారేమో మన రెండో అంతస్తు సాంబారుకు సొంత చెల్లెలు (నవ్వకు). చెరువు కట్ట మీద మొక్కలు నాటాలి, ప్లాస్టిక్ ఏరాలి, ర్యాలీ తీయాలి, అదీ ప్లాన్. నాకు మనసొప్పలేదు. ఎండలు ముదిరే ముందు మొక్కలు నాటి వెళ్లిపోతే నీళ్లు ఎవరు పోస్తారు? తాత కూడా అదే అన్నాడు, "చెట్లు పెడుతుర్రు సరే, చెరువుకే నీళ్లు లేవు గద" అని.

మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువే, లోతుకు లోటు లేదు. నీళ్లు వచ్చే దారే మూసుకుపోయింది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు కదా, పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కట్టు కాలువలో కిందికి రావాలి. రామప్ప, పాకాల అని బడిలో బట్టీ పట్టాం కానీ ఒక్క చెరువుకు నీళ్లెట్లా వస్తాయో మనకెవరూ చూపించలేదు పిట్టా, తలుచుకుంటే కోపం వస్తుంది.

తాత ముందు, మేం వెనక. కాలువ నిండా సర్కారు తుమ్మ, ఒకచోట బండ్ల బాట కోసం పోసిన మట్టి, ఇంకోచోట చెలకలో కలిసిపోయి కాలువ ఆనవాలే లేదు. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు తెచ్చి, రెండు కట్టెల మీద గీతలు పెట్టి వాలు కొలిచాం. బాట దగ్గర జానెడు ఎత్తుంది! తాత అంతకుముందే కాలితో తొక్కి "గిదే అడ్డం" అన్న చోటు అదే. మా ఫిజిక్స్ వాళ్లంతా ఆయన కాళ్లకు దండం పెట్టారు, నిజంగా.

చెలక రైతు మొదట ససేమిరా అన్నాడు. గీతలు చూపించి, కాలువ తెరిస్తే నీళ్లు ఆయన చేనులోకి ఎక్కవని, చెరువు నిండితే బోరుకు ఊట పెరుగుతుందని తాతే కూర్చోబెట్టి చెప్పాడు. మర్నాడు ఆ రైతే పార పట్టుకుని ముందుకొచ్చాడు! బాట కింద తూము పైపులు మాత్రం పంచాయతీ వాళ్లే వేయించారు. చేతులు బొబ్బలెక్కాయి, ఆ సౌజన్య అయితే, అదే, మన అగ్గిపెట్టె... ఆ కథ కలిసినప్పుడు.

ఏటా 120 గంటల సేవ అని డైరీలో నింపుతారు కదా, ఆ గంటలు ఏడాది పొడవునా ఒకే ఊరికి ఇస్తే ఎంత బాగుంటుందో! వచ్చే వానలకు ముందు మళ్లీ తుమ్మ కొట్టకపోతే కాలువ మళ్లీ మూసుకుంటుంది. జూనియర్లకు అప్పగించమని సార్‌ను అడిగాను, సరే అన్నారు కానీ రాతపూర్వకంగా

అయ్యో, వార్డెన్ లైట్లు ఆపేస్తోంది. బతుకమ్మకు తప్పకుండా రా, ఆ చెరువు దగ్గరే ఆడదాం.

నీ
చింతపండు